నిండు వయసులో ప్రభువునందు నిద్రించిన సంఘ సభ్యులకు జ్ఞాపకార్థ కూటమి: మొదటి ఫోను కాల్ నుంచి తర్వాతి వారం పని దాకా

"మా సంఘంలో 93 ఏళ్ల పెద్దావిడ పోయారు. జీవిత పరిచయం చదివే పని నాకు అప్పగించారు. ఏం రాయాలి, ఎలా చెప్పాలి?" ఈ ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంది. కొందరు కూటమి మొత్తం నడపాల్సినవాళ్లు, కొందరికి నాలుగు నిమిషాల సాక్ష్యం ఒక్కటే పని. ఇద్దరికీ పనికొచ్చేలా వరసగా రాస్తున్నాను.

దీర్ఘాయుష్షు గడిపినవారి విషయంలో ఒక చిక్కు ఉంది. వాళ్ల వయసువాళ్లు దాదాపు ఎవరూ మిగలరు. మనకు తెలిసింది వాళ్ల చివరి పదిహేను, ఇరవై ఏళ్లు మాత్రమే. అందుకే చాలా కూటముల్లో తొంభై ఏళ్ల జీవితం "రోజూ ప్రార్థించేవారు, అందరినీ ప్రేమించేవారు" అనే రెండు ముక్కల్లో అయిపోతుంది. పొగడ్త తగ్గించి పనులు చెప్పాలి. ఆ పనులు తెలియాలంటే వెతకాలి. ఈ మార్గదర్శిలో సగం భాగం ఆ వెతుకులాట గురించే.

## 1. ఎవరు ఏం చేస్తారో మొదటి రోజే తేల్చండి

అందరూ అన్నీ చూసుకుందాం అనుకున్న చోట పాట రెండుసార్లు వస్తుంది, వాక్యం చదివేవారు మాత్రం ఉండరు. నాలుగు బాధ్యతలకు నలుగురిని పెట్టండి. చిన్న సంఘమైతే ఇద్దరు చాలు, కానీ ఏది ఎవరిదో స్పష్టంగా ఉండాలి.

- కుటుంబం తరఫున మాట్లాడే ఒకే ఒక్కరు. పెద్ద కొడుకే అవ్వాలని లేదు. ఏడుపులోనూ ఫోను ఎత్తగలిగే మనిషి కావాలి.
- జీవిత పరిచయం రాసే వ్యక్తి.
- వేదిక నడిపే వ్యక్తి: సమయం చూసేది, పేర్లు పిలిచేది వీరే.
- మైకు, ఫోటోలు, ప్రింట్లు, లైవ్ చూసుకునే వ్యక్తి.

పాస్టరు గారిని ఈ నాలుగింట్లో ఏ ఒక్కదానికీ కేటాయించకండి. వాక్య సందేశం, కుటుంబాన్ని ఆదరించడం ఆయనకు సరిపోతాయి. అయితే మొదటి ఫోను మాత్రం ఆయనకే చేయాలి. ఏ ఆరాధనా క్రమం పాటించాలో, బయటివాళ్లు ఎప్పుడు మాట్లాడొచ్చో సంఘాన్ని బట్టి మారుతుంది. ఉదాహరణకు కథోలిక సంఘంలో అంత్యక్రియల పూజాబలిలో గురువు (ఫాదర్) ప్రసంగం ఉంటుంది, కానీ దాన్ని చనిపోయినవారి ప్రశంసగా మార్చకూడదని నియమం. కుటుంబ సభ్యులు జ్ఞాపకాలు చెప్పాలనుకుంటే సత్ప్రసాదం (ప్రభు భోజనం) తర్వాతి ప్రార్థన అయ్యాక, తుది వీడ్కోలుకు ముందు క్లుప్తంగా చెప్పొచ్చు. ఇది ముందే తెలియకపోతే పది పేజీలు రాసుకొచ్చినవాళ్లు గుడి మెట్ల దగ్గర చిన్నబుచ్చుకోవాల్సి వస్తుంది.

కుటుంబాన్ని మొదటిరోజే అడగాల్సినవి:

- అనారోగ్యం గురించి ఎంతవరకు చెప్పవచ్చు?
- లైవ్ పెట్టడం, ఫోటోలు పంచడం ఇష్టమేనా?
- వేదిక మీద ఎవరి పేరు తప్పక రావాలి? ఎవరి పేరు వస్తే ఇబ్బంది?
- పోయినవారు తమ కూటమి గురించి ముందే ఏమైనా చెప్పారా, రాసిపెట్టారా?

ఆఖరి ప్రశ్న చాలామంది మర్చిపోతారు. తొంభై దాటిన విశ్వాసులు ఏ పాట పాడాలో, ఏ వాక్యం చదవాలో బైబిల్ వెనక అట్ట లోపల రాసిపెట్టుకున్న సందర్భాలు తక్కువేమీ కాదు.

## 2. వయసు, తేదీలు, పేర్లు: ఇక్కడే ఎక్కువ తప్పులు

ముందు వయసు. 1931 నవంబరులో పుట్టి 2025 మార్చిలో పోయినవారికి 93 ఏళ్లు నిండాయి, 94వ ఏడు నడుస్తోంది. ఫ్లెక్సీ మీద 94 అని, జీవిత పరిచయంలో 93 అని, సాక్ష్యంలో "దాదాపు 95" అని వస్తే వినేవాళ్లు లెక్కలు వేసుకుంటూ కూర్చుంటారు. "93 ఏళ్లు నిండిన" అనో, "94వ ఏట" అనో ఒకటే ఎంచుకుని అన్నిచోట్లా అదే వాడండి.

పాతతరం వారికి పుట్టిన తేదీలు ఒకటికి మించి ఉంటాయి. బడిలో వేయించినది ఒకటి, గుర్తింపు కార్డులో ఇంకొకటి, ఇంట్లో చెప్పుకునేది మరొకటి. శిశు బాప్తిస్మం ఇచ్చే సంఘాల్లో బాప్తిస్మ రిజిస్టరులో పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ పక్కపక్కనే ఉంటాయి. హడావుడిలో ఒకదాని బదులు ఇంకొకటి రాసుకోవడం తేలిక. పుట్టిన తేదీకి నా ఓటు ఆ రిజిస్టరుకే. పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకున్నవారైతే అందులో పుట్టిన తేదీ ఉండకపోవచ్చు, అప్పుడు కుటుంబం చెప్పిందే ఖాయం చేయండి. ఏ తేదీ మీదా ఏకాభిప్రాయం రాకపోతే సంవత్సరం ఒక్కటే వేయండి, తప్పేమీ లేదు.

సంఘం కార్యాలయంలో చూడాల్సినవి:

- బాప్తిస్మం, కన్ఫర్మేషన్ (బాప్తిస్మం పొందినవారు తమ విశ్వాసాన్ని స్థిరపరచుకునే ఆచారం), వివాహ రిజిస్టర్లు.
- కమిటీ మినిట్స్ పుస్తకాలు. ఎవరు ఏ బాధ్యత ఎప్పటి నుంచి ఎప్పటి వరకు చేశారో వీటిలో ఉంటుంది.
- సండే స్కూలు, స్త్రీల సమాజం హాజరు పుస్తకాలు.
- వార్షికోత్సవ సంచికలు, పాత గ్రూపు ఫోటోలు.

ఒక హెచ్చరిక. మినిట్స్ పుస్తకాల్లో పదవులున్నవాళ్ల పేర్లే ఉంటాయి. నలభై ఏళ్లు గుడి ఊడ్చినావిడ, ప్రతి వారం బల్లమీద గుడ్డ ఉతికి పరిచినావిడ పేరు ఏ పుస్తకంలోనూ దొరకదు. కాగితం మీద లేదు కాబట్టి చేయలేదని అనుకోకండి. అలాంటివారి సంగతులు మూడో అంచెలో దొరుకుతాయి.

ఇక పేర్లు. పిల్లలు, కోడళ్లు, అల్లుళ్లు, మనుమలు, మునిమనుమల జాబితాను కుటుంబం తరఫు మనిషి చేతే రాయించుకోండి. తనకంటే ముందు పోయిన బిడ్డల పేర్లు కచ్చితంగా అడగండి. తొంభై ఏళ్ల తల్లి ఇద్దరు బిడ్డలను మట్టికి అప్పగించి ఉండొచ్చు. "ఆమెకు నలుగురు సంతానం" అని చదివితే, ఆరుగురిని కన్న ఇంట్లో ఆ మాట గుచ్చుకుంటుంది. జాబితా తయారయ్యాక మీరే ఒకసారి గట్టిగా చదివి వినిపించి, పలకడంలో తేడాలుంటే సరిచేసుకోండి.

## 3. జ్ఞాపకాలు రాబట్టడం

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో దొర్కా అనే శిష్యురాలు చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు ముందు ఏం చేశారో చూడండి. ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలు, వస్త్రాలు తెచ్చి చూపించారు. "మంచిది" అని చెప్పి ఊరుకోలేదు. ఆ అంగీలను మీరు వెతికి తేవాలి. అంటే ఒక వస్తువు, ఒక పని, ఒక మాట.

ఎవరిని అడగాలి? బంధువులతో మొదలుపెట్టండి, అక్కడితో ఆగిపోకండి.

- సండే స్కూల్లో ఆమె దగ్గర చదువుకున్నవారు. ఇప్పుడు వాళ్లకే అరవై, డెబ్బై ఏళ్లుంటాయి. ఆమె నడివయసు గురించి చెప్పగలిగేది వాళ్లే.
- ఇంట్లో పనిచేసినవారు, పాలు, పేపరు వేసినవారు, ఆరాధనకు బండి మీద తీసుకెళ్లినవారు.
- పక్కింటివాళ్లు, ముఖ్యంగా వేరే మతంవాళ్లు. ఆదివారం బట్టల్లో కాకుండా మిగతా ఆరు రోజులూ ఆమెను చూసింది వాళ్లే.
- పాత పాస్టర్లు. బదిలీ అయి వెళ్లినా వాళ్లకు చాలా గుర్తుంటాయి.
- ఆమెతో ఎప్పుడో గొడవపడి, తర్వాత కలిసిపోయినవారు. వీళ్లను అడగడానికి మొహమాటపడతాం కానీ, అసలు కథ తరచూ వీళ్ల దగ్గరే ఉంటుంది.

ఏం అడగాలి? "ఆమె ఎలాంటి మనిషి?" అని అడిగితే "చాలా మంచి మనిషండీ" అంటారు, సంభాషణ అక్కడికి అయిపోతుంది. ఇలా అడిగి చూడండి:

- ఆమెను మొదటిసారి ఎక్కడ చూశారు? అప్పుడు ఏం చేస్తున్నారు?
- గుడిలో ఎక్కడ కూర్చునేవారు? ఎంత ముందు వచ్చేవారు?
- మీకు కష్టం వచ్చినప్పుడు ఆమె ఏం చేశారు? మాట చెప్పారా, చేత్తో ఏదైనా చేశారా?
- ఆమెకు కోపం ఎందుకు వచ్చేది?
- ఎప్పుడూ అనే మాట ఏదైనా ఉందా?
- ఆమె దగ్గర మీరు నేర్చుకున్న పని ఏది?
- ఆమె వస్తువు మీ దగ్గర ఏదైనా ఉందా?

కోపం గురించిన ప్రశ్న వదలకండి. ఆరాధనకు ఆలస్యంగా వస్తే కసురుకునేదని ఒకరు నవ్వుతూ చెబుతారు. ఆ ఒక్క ముక్కతో మనిషి కళ్లముందు కదులుతుంది.

జవాబు వచ్చాక వెంటనే ఇంకో ప్రశ్నకు దూకొద్దు. "అప్పుడేమైంది?" అని అడిగి కాసేపు ఊరుకోండి. అనుమతి తీసుకుని ఫోనులో రికార్డు చేయండి. చూస్తూ రాసుకుంటూ ఉంటే పెద్దవాళ్లు బిగుసుకుపోతారు.

భర్తో, భార్యో, అక్కచెల్లెళ్లో జీవించి ఉంటే వాళ్లదీ తొంభైకి దగ్గరి వయసే. వాళ్లకు ఓపికున్న వేళ వెళ్లండి. చాలామందికి అది ఉదయమే. ఇరవై నిమిషాలకు మించి కూర్చోకండి. పాత ఫోటో ఒకటి చేతికివ్వండి, ప్రశ్నల కంటే అదే ఎక్కువ మాట్లాడిస్తుంది. సంవత్సరాలు తప్పు చెబితే అడ్డుపడి సరిదిద్దకండి. తేదీలకు రిజిస్టర్లున్నాయి, వాళ్ల దగ్గర మనకు కావలసింది వేరే.

బైబిల్ తెరిచి చూడండి, కుటుంబాన్ని అడిగాకే. రోజూ చదివినవారి బైబిల్ ఒక డైరీలాంటిది. గీతలు గీసిన వచనాలు, పక్కన వేసుకున్న తేదీలు, మధ్యలో పెట్టుకున్న చీటీలు, పెళ్లి పత్రికలు, మనుమల ఫోటోలు ఉంటాయి. ఒక వచనం పక్కన తేదీ కనబడితే ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో అడగండి. ఆపరేషనో, చావో, ఉద్యోగమో ఉంటుంది. అయితే అందులో కనబడిన సొంత ప్రార్థనలు, ఇతరుల పేర్లు, గుట్టు విషయాలు వేదిక ఎక్కకూడదు. చీటీలను దొరికిన పేజీలోనే తిరిగి పెట్టేయండి.

## 4. వడపోత

ఇప్పుడు మీ దగ్గర ముప్ఫై సంగతులున్నాయి. చెప్పాల్సినవి మూడో, నాలుగో.

ప్రతి వాక్యానికీ ఒక పరీక్ష పెట్టండి. పేరు మార్చి ఇదే వాక్యాన్ని సంఘంలో ఇంకొకరి గురించి చదవొచ్చా? చదవగలిగితే కొట్టేయండి. "ప్రార్థనాపరురాలు", "సంఘానికి మూలస్తంభం", "ఆదర్శ మాతృమూర్తి" అన్నీ ఈ జల్లెడలో పోతాయి. పోనివ్వండి.

మిగిలినవాటిలో పదేపదే కనబడే గుణం ఒకటి ఉంటుంది. ఒకరు రోగులను చూడ్డానికి వెళ్తారు, ఒకరు కొత్తగా వచ్చినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుంటారు, ఇంకొకరు ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకుండా పని చేసుకుపోతారు. ఆ ఒక్కదాన్ని పట్టుకుని దానికి సాక్ష్యంగా నిలిచే సంఘటనలే తీసుకోండి. ఒకటి యవ్వనంలోది, ఒకటి నడివయసుది, ఒకటి చివరి రోజులది అయితే తొంభై ఏళ్లూ కవరవుతాయి.

వదిలేయాల్సినవి కూడా ఉన్నాయి. ఆమె రహస్యంగా డబ్బు సాయం చేసి ఉంటే, సాయం పొందినవాళ్ల పేరు చెప్పకండి. కుడిచెయ్యి చేసేది ఎడమచెయ్యికి తెలియకూడదన్న మత్తయి 6వ అధ్యాయం పాటించిన మనిషి గుట్టును మనం మైకులో విప్పడం బాగోదు. "చాలామంది ఫీజులు కట్టారు" అంటే చాలు. ఆస్తి తగాదాలు, పెళ్లిళ్ల గొడవలు, సంఘం చీలికల ఊసు అస్సలు వద్దు.

## 5. జీవిత పరిచయం రాయడం

ఎనిమిది నిమిషాలకు రాయండి. వేదిక మీద నిదానంగా చదివితే నిమిషానికి 80 నుంచి 90 మాటలు పోతాయి, అంటే 650, 700 మాటలు. అంతకు మించితే సండే స్కూలు పిల్లలు కదలడం మొదలవుతుంది, వాళ్ల వెనకే పెద్దవాళ్లు.

చాలామంది పుట్టుకతో మొదలుపెడతారు. "ఫలానా సంవత్సరంలో ఫలానా దంపతులకు జన్మించి..." అని. తప్పు కాదు గానీ, మొదటి రెండు నిమిషాలు జనం ఇంకా సర్దుకుని కూర్చుంటుంటారు, ఆ వివరాలు గాల్లో కలిసిపోతాయి. అందరికీ తెలిసిన ఒక దృశ్యంతో మొదలుపెట్టి, తర్వాత పుట్టుక, చదువు, పెళ్లి, పిల్లలు రెండు పేరాల్లో ముగించండి. ఆ తర్వాత మీరు ఏరిన సంఘటనలు. చివర్న ఆఖరి రోజులు, కుటుంబం వివరాలు. అంతే.

ఒక ఉదాహరణ. ఎవరో ఒక పెద్దావిడ గురించి మొదటి ప్రతి ఇలా వచ్చిందనుకుందాం:

"ఆమె రోగుల పట్ల ఎనలేని ప్రేమ కలిగిన గొప్ప ప్రార్థనాపరురాలు. ఎందరికో ఆదరణ కలిగించారు."

అడిగి తెలుసుకున్నాక అదే విషయం:

"ఆమె కుర్చీ పక్కన గళ్ల నోటు పుస్తకం ఒకటి ఉండేది. ఎవరైనా ఆస్పత్రిలో చేరారని తెలిస్తే పేరు, వార్డు నంబరు అందులో రాసుకునేవారు. పొద్దున్నే ఆ పేర్లు ఒక్కొక్కటే పైకి చదివేవారు. మనిషి ఇంటికొచ్చాక పేరు కొట్టేసేవారు కాదు, పక్కన తేదీ వేసేవారు. కళ్లు కనబడని చివరి రెండేళ్లు మనుమరాలి చేత చదివించుకున్నారు."

రెండోదాంట్లో ప్రేమ అన్న మాటే లేదు. అవసరం రాలేదు.

భాష గురించి కొన్ని మాటలు. మరణాన్ని చెప్పడానికి "ప్రభువునందు నిద్రించారు", "మహిమలో ప్రవేశించారు", "ప్రభువు పిలుపు అందుకున్నారు" అని అన్నీ ఒకే పేరాలో గుప్పించకండి. ఆ ఇంట్లోవాళ్లు ఏ మాట వాడుతున్నారో అదే ఒక్కసారి వాడండి. ఆమె అన్న మాటలను ఆమె యాసలోనే ఉంచండి, గ్రాంథికంలోకి దిద్దొద్దు. మీ గురించి మీరు చెప్పుకునేది రెండు వాక్యాలు దాటకూడదు.

చిన్న లోపాలు చెప్పొచ్చా? చెప్పొచ్చు, ఇంట్లోవాళ్లు కూడా నవ్వుకుంటూ చెప్పుకునేవైతే. రాసిన పేరా కుటుంబం మనిషికి ముందు చదివి వినిపించండి. వాళ్లు ఒక్క క్షణం తటపటాయించినా తీసేయండి.

## 6. వాక్యం, పాటలు

పాస్టరు గారు సందేశానికి ఏ భాగం తీసుకుంటున్నారో అడిగాకే పఠనానికి వేరే భాగం చూడండి. కీర్తన 23, యోహాను 14:1-3, 1 థెస్సలొనీకయులకు 4:13-18 ఎవరికైనా సరిపోతాయి. మనిషికి తగ్గట్టు కావాలంటే ఇవి చూడండి:

- ఏళ్ల తరబడి ఆరాధన మానని విధవరాలికి: లూకా 2:36-38, దేవాలయం విడవని 'అన్న' అనే ప్రవక్త్రి.
- చేతిపనితో, సాయంతో గుర్తుండిపోయినవారికి: అపొస్తలుల కార్యములు 9:36-42.
- ముసలితనంలోనూ చురుగ్గా ఉన్నవారికి: కీర్తన 92:12-15. నెరసిన తల ప్రస్తావన కావాలంటే సామెతలు 16:31.
- మనుమలకు విశ్వాసం నేర్పినవారికి: 2 తిమోతి 1:5, తిమోతి అవ్వ లోయి, తల్లి యునీకే.
- పదవి లేకుండా పనిచేసినవారికి: రోమీయులకు 16వ అధ్యాయం మొదటి భాగం. పౌలు పేరుపేరునా వందనాలు చెప్పే చోటు. ఇది వాడేవాళ్లు తక్కువ, వాడితే బాగుంటుంది.
- సుదీర్ఘంగా జబ్బుతో పోరాడినవారికి: 2 తిమోతి 4:6-8.

రెండింటి విషయంలో జాగ్రత్త. సామెతలు 31 ప్రతి స్త్రీకీ చదివేస్తారు, కానీ అది భార్యగా, ఇల్లాలిగా ఉన్న స్త్రీ వర్ణన. పెళ్లి చేసుకోకుండా సేవలో గడిపినావిడకు అతకదు. ఇక కీర్తన 90:10. డెబ్బై, ఎనభై ఏళ్ల మాట ఉంది కదా అని పెట్టుకుంటారు. ఆ వచనమే ముందుకెళ్లి "ఆయాసమే దుఃఖమే" అంటుంది. కావాలంటే 12వ వచనం వరకు చదవండి, మధ్యలో ఆపకండి.

పాటలు రెండు చాలు. వారికి ఇష్టమైనది ఒకటి, సంఘమంతా పాడగలిగేది ఒకటి. ఆ రెండూ ఒకటే అయితే మరీ మంచిది. ఎన్ని చరణాలో ముందే చెప్పండి. శృతి కాస్త తగ్గించి పెట్టుకోండి, ఏడ్చిన గొంతులు పైకి లేవవు. పాటల పుస్తకంలో సంఖ్య క్రమపత్రం (కూటమి వరస అచ్చువేసిన కాగితం) మీద వేయండి, ఎడిషన్లను బట్టి సంఖ్యలు మారతాయి కాబట్టి పల్లవి మొదటి పాదం కూడా వేయండి.

## 7. క్రమం, సమయం

75 నిమిషాల కూటమికి ఒక నమూనా:

- ఆహ్వానం, ప్రారంభ ప్రార్థన: 5 నిమిషాలు
- మొదటి పాట: 5
- వాక్య పఠనం: 5
- జీవిత పరిచయం: 8
- రెండో పాట: 5
- సాక్ష్యాలు, నలుగురు: 20
- వాక్య సందేశం: 20
- కుటుంబం తరఫున కృతజ్ఞతలు: 4
- ముగింపు ప్రార్థన, ఆశీర్వాదం: 3

నలుగురికి ఇరవై నిమిషాలంటే ఒక్కొక్కరికి నాలుగే. మిగిలిన నాలుగు నిమిషాలు మైకు దాకా నడిచిరావడానికి, కన్నీళ్లు తుడుచుకోవడానికి.

నలుగురినీ నాలుగు వైపుల నుంచి తీసుకోండి: కుటుంబం నుంచి ఒకరు, సంఘం నుంచి ఒకరు, ఇరుగుపొరుగు నుంచి ఒకరు, యువతరం నుంచి ఒకరు. ఎవరు ఏ సంఘటన చెబుతారో ముందురోజు ఫోనులో అడిగి రాసుకోండి. లేదంటే ముగ్గురు ఒకే కథ చెబుతారు. "ఎవరైనా రెండు మాటలు చెప్పాలనుకుంటే రావచ్చు" అని మాత్రం అనకండి. కూటమి పట్టాలు తప్పేది సరిగ్గా అక్కడే. మిగతావాళ్ల కోసం తలుపు దగ్గర ఒక పుస్తకం, పెన్నులు పెట్టండి. రాసినవి కుటుంబానికి మిగులుతాయి కూడా.

## 8. వేదిక ఎక్కే ముందు

చేతిరాతతో కాకుండా ప్రింటు తీయించుకోండి, అక్షరాలు పెద్దవిగా, 16 పాయింట్లకు తగ్గకుండా. కాగితానికి ఒకవైపే. పేజీ సంఖ్యలు తప్పనిసరి, చేతులు వణికి కాగితాలు కింద పడితే అవే కాపాడతాయి. ఫోను చూసి చదవొద్దు, మధ్యలో ఎవరో ఒకరు కాల్ చేస్తారు.

ఇంట్లో రెండుసార్లు పైకి చదవండి. గొంతు ఎక్కడ పట్టేస్తుందో తెలిసిపోతుంది. అక్కడ పెన్నుతో అడ్డగీత పెట్టుకోండి: ఆగాలి, గాలి పీల్చుకోవాలి, గుక్కెడు నీళ్లు తాగాలి. ఏడుపొస్తే తప్పేమీ లేదు, టెన్షన్ పడకండి, జనం ఎదురుచూస్తారు. ఇంకో ప్రతి మరొకరి చేతిలో ఉంచండి. మీవల్ల కాకపోతే వాళ్లు వచ్చి ఆగిన వాక్యం నుంచి అందుకుంటారు.

కూటమికి అరగంట ముందు చూడాల్సినవి:

- మైకు, స్పేరు బ్యాటరీ, పొట్టివాళ్లకు, కుర్చీలో ఉన్నవాళ్లకు అందే స్టాండు.
- ముందు వరసలో పెద్దవాళ్లకు చేతులున్న కుర్చీలు. లేచేటప్పుడు పట్టుకోవడానికి ఆ చేతులే ఆధారం.
- ఫోటో: చివరి రోజుల్లోది ఒక్కటే కాకుండా, నడివయసుది కూడా.
- వాక్యం చదివేవారి బైబిల్లో పేజీ గుర్తు.
- మాట్లాడేవాళ్లంతా వచ్చారా, రానివారి బదులు ఎవరు?

## 9. అక్కడికక్కడే చిక్కులొస్తే

సాక్ష్యం ఆగడం లేదు. నాలుగో నిమిషంలో వేదిక నడిపేవారు లేచి, రెండడుగుల దూరంలో నిలబడాలి. ఆరో నిమిషంలో భుజం మీద చెయ్యి వేసి "ప్రార్థన చేసి ముగించండి అన్నా" అంటే చాలామంది ఆగుతారు. చీటీలు పంపితే పనిచేయవు, చదవరు.

తప్పు పేరు, తప్పు తేదీ చదివేశారు. వెంటనే "క్షమించాలి" అని సరైనది చెప్పి ముందుకెళ్లండి. వివరణ వద్దు. అయిపోయాక గమనిస్తే, కృతజ్ఞతలు చెప్పేవారి నోట సరైన పేరు వచ్చేలా చూడండి.

ఎవరో పాత గొడవ ఎత్తారు. జవాబు ఇవ్వకండి. పాట మొదలుపెట్టేవారికి సైగ చేయండి, పల్లవి అందుకోగానే సగం వేడి చల్లారుతుంది. ఈ సైగ ముందే మాట్లాడుకుని ఉండాలి.

సాక్ష్యం రెండో వాక్య సందేశం అయింది. ఇది చాలా తరచు. ముందురోజు ఫోనులోనే "వాక్యం పాస్టరు గారు చూసుకుంటారు, మీరు ఆమెతో జరిగిన ఒక్క సంగతి చెప్పండి" అనేయండి.

వేరే మతం అతిథులు ఇబ్బందిగా కూర్చున్నారు. ఎప్పుడు నిలబడాలో, ఎప్పుడు కూర్చోవాలో వేదిక నుంచి ప్రతిసారీ చెప్పండి. పాటల మాటలు క్రమపత్రంలో ఉంటే వాళ్లూ చూస్తూ ఉండగలరు.

## 10. తర్వాతి వారం

అసలు పని ఇక్కడ సగం మిగిలి ఉంటుంది, చాలా సంఘాలు దీన్ని వదిలేస్తాయి.

తప్పులు దిద్దిన జీవిత పరిచయం ప్రతి ఒకటి కుటుంబానికి, ఒకటి సంఘం కార్యాలయానికి ఇవ్వండి. రికార్డు చేసిన గొంతులు ఎవరివి, ఎప్పటివి అని ఫైలు పేరులోనే రాసి పెన్ డ్రైవ్‌లో పెట్టండి. వాట్సాప్ గ్రూపులో పెట్టి వదిలేస్తే ఫోను మారిన రోజే పోతాయి. తెచ్చుకున్న పాత ఫోటోలు స్కాన్ చేసి, ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేయండి. ఆలస్యమైతే మాట పడాల్సి వస్తుంది.

తర్వాత ఆమె చేస్తూ వచ్చిన పనుల జాబితా రాయండి. ఎవరింటికి వెళ్లేవారు, ఎవరికి ఫోను చేసేవారు, గుడిలో ఏ పని ఆమె చేతి మీద జరిగేది? ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టాలి. మంచం మీదున్న ముగ్గురు ప్రతి గురువారం ఆమె కోసం ఎదురుచూసేవారనుకుందాం. వచ్చే గురువారం వాళ్ల తలుపు తట్టేదెవరు? ఆమె పేరు మీద స్కాలర్‌షిప్పో, బెంచీయో పెట్టాలని ఎవరైనా అంటే కాదనక్కర్లేదు, కానీ ముందు ఈ జాబితా పూర్తవ్వాలి.

సంఘంలో ఇంకా ఎనభై ఐదు దాటినవాళ్ల పేర్లు కూడా అదే వారం రాసుకోండి. మూడో అంచెలోని ప్రశ్నలు వాళ్లనే స్వయంగా అడగొచ్చు. నెలకొకరి దగ్గరకు ఇద్దరు వెళ్తే చాలు, అందులో ఒకరు యువకుడో, యువతియో అయితే బాగుంటుంది. సన్మానం పెట్టాలనుకుంటే శాలువా కప్పే ముందు ఆ రికార్డింగు నుంచి రెండు నిమిషాలు అందరికీ వినిపించండి. వారి కుర్చీని మాత్రం స్పీకరుకు దూరంగా వేయండి, వినికిడి మిషను పెట్టుకున్నవారికి ఆ చప్పుడు నరకం.